ఆరు నిమిషాల దూరంలో మాస్కో

అణు నిరోధం, అంటే ఎదుటివాడు తిరిగి కొడతాడన్న భయంతో ఎవరూ ముందు అణుబాంబు వేయకుండా ఉండడం గురించి ఎవరు మాట్లాడినా ముందుగా లెక్కలు చెబుతారు. 1967 నాటికి అమెరికా దగ్గర 31 వేలకు పైగా అణ్వాయుధాలు ఉండేవని, 1986 నాటికి సోవియట్ యూనియన్ దాదాపు 40 వేలకు చేరుకుందని, వాటితో భూగోళాన్ని ఎన్నిసార్లు బూడిద చేయవచ్చో కూడా లెక్కగట్టి చెబుతారు. ఆ లెక్కలతో నాకు పేచీ లేదు. అయితే 1982 నుంచి 1988 దాకా మాస్కోలో ఇంజినీరింగ్ చదువుకున్నవాడిని కాబట్టి, ఆ మాట వినగానే నాకు మొదట గుర్తొచ్చేవి నిమిషాలు. ఒక క్షిపణి బయలుదేరిన చోటు నుంచి మనం ఉన్న చోటుకు రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందన్న ప్రశ్న ఆ రోజుల్లో టీవీ వార్తల్లోనే కాదు, వంటిళ్ళలోనూ వినిపించేది.

అక్కడికి వెళ్ళకముందు నాకు తెలిసిన సోవియట్ దేశమంతా గుంటూరు జిల్లాలోని మా ఇంటికి పోస్టులో వచ్చే ‘సోవియట్ భూమి’ పత్రికలోనిదే. మా ఈడు వాళ్ళందరిలాగే నేనూ దాని నున్నటి రంగుల కాగితాలతో నోటుపుస్తకాలకు అట్టలు వేసుకున్నాను. ట్రాక్టర్లు, గోధుమ చేలు, శాంతి పావురాలు తప్ప అందులో క్షిపణులు కనిపించినట్టు గుర్తులేదు. నాన్నగారు సాంఘికశాస్త్రం ఉపాధ్యాయులు. అగ్రరాజ్యాల పోరు గురించి కాస్తో కూస్తో నాకు తెలిసిందంటే ఆయన వల్లనే. 1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల విషయమై కెన్నెడీ, కృశ్చేవ్‌లు అణుయుద్ధం అంచున నిలబడ్డ రోజుల గురించి నేను అడిగితే ఆయన నవ్వేవారు. అదే నెల 20వ తేదీన చైనాతో మనకు యుద్ధం మొదలైంది కదా, ఊరంతా రక్షణ నిధికి చందాలు పోగుచేయడంలోను, ఆడవాళ్ళు గాజులు, గొలుసులు తీసి ఇవ్వడంలోను మునిగిపోయి ఉందట. ‘ఆ వారం ప్రపంచం అంతరించిపోయి ఉంటే ఆ వార్త మనకు రెండో పేజీలో తెలిసేదిరా’ అనేవారు.

మాస్కో హాస్టల్‌లో మా అంతస్తు వంటగది గోడకు ఒక చిన్న రేడియో పెట్టె ఉండేది. దానికి స్టేషన్లు మార్చే మీటలు లేవు. గోడలోని తీగ ద్వారానే ప్రసారం వచ్చేది, శబ్దం పెంచడానికీ తగ్గించడానికీ ఒకే ఒక్క బొత్తాం. పొద్దున్న 6 గంటలకు జాతీయ గీతంతో అది నిద్రలేచేది. దాని ప్లగ్గు ఎవరైనా పీకితే హాస్టల్ చూసుకునే పెద్దావిడ చాలా గట్టిగా మందలించేది. సంగీతం వినడానికి ఇంత పట్టుదల ఎందుకని మొదట్లో ఆశ్చర్యపోయాను. వైమానిక దాడి జరిగితే ఆ హెచ్చరిక వచ్చేది ఆ తీగలోనుంచేనని కొన్నాళ్ళకు గాని నాకు తెలియలేదు. నేను వెళ్ళిన ఏడాదే, 1982 నవంబరు 10న, సాయంత్రం టీవీలో రావలసిన పోలీసు దినోత్సవ కచేరీ చెప్పాపెట్టకుండా రద్దయి, విషాద సంగీతం మొదలైంది. ఎవరో పెద్దవాళ్ళు పోయారని అందరికీ అర్థమైంది గాని, దేశాధినేత బ్రెజ్నేవ్ మరణవార్త మరునాటి దాకా చెప్పలేదు. రేడియోలో వయొలిన్ వినిపిస్తే ఉలిక్కిపడడం ఆ మూడేళ్ళలో మాకందరికీ అలవాటైపోయింది. బ్రెజ్నేవ్ తరువాత ఆంద్రొపోవ్, ఆయన తరువాత చెర్నెంకో వరసగా వెళ్ళిపోయారు.

నా గదిలో ఉండే రష్యన్ సహాధ్యాయి ఆదివారాలు నన్ను వాళ్ళ ఇంటికి తీసుకువెళ్ళేవాడు. అణు నిరోధం గురించి ఆ తరువాత నేను చదివిన పుస్తకాలన్నీ ఒక ఎత్తు, ఆ ఇంట్లో వాళ్ళ అమ్మమ్మగారి అలమర ఒక ఎత్తు. అందులో కింది అరలో ఉప్పు పొట్లాలు, అగ్గిపెట్టెల కట్టలు, బట్టల సబ్బు కడ్డీలు, గుడ్డసంచిలో బక్‌వీట్ గింజలు ఉండేవి. అవి రోజువారీ వాడకానికి కాదు, మళ్ళీ యుద్ధం వస్తే ఉంటాయని. పాతబడ్డవి తీసి వాడి, ఆ స్థానంలో కొత్తవి పెట్టేది. 1941 జూన్ 22 తెల్లవారుజామున జర్మన్ సేనలు ముందస్తు హెచ్చరిక లేకుండా విరుచుకుపడినప్పుడు ఆవిడకు ఇరవై దాటి ఉంటాయి. భర్తనూ, ఇద్దరు అన్నదమ్ములనూ ఆ యుద్ధంలోనే పోగొట్టుకుంది. బంగాళాదుంపలు దొరకకపోయినా, లిఫ్టు చెడిపోయినా, పింఛను ఆలస్యమైనా చివరికి ఆవిడ అనే మాట ఒక్కటే: ‘యుద్ధం రాకుంటే చాలు’. ఆ వాక్యాన్ని ఆ దేశంలో నేను విన్నన్నిసార్లు మరే వాక్యాన్నీ వినలేదు.

ఆ అలమర సంగతి తెలియకుండా సోవియట్ నాయకుల భయం అర్థం కాదని నా అభిప్రాయం. ఆ యుద్ధంలో 2 కోట్ల మంది పోయారని అప్పట్లో అధికారికంగా చెప్పేవారు; గోర్బచేవ్ కాలంలో ఆ సంఖ్యను 2 కోట్ల 70 లక్షలకు సవరించారు. అంత నష్టానికీ మూలం శత్రువు ఒక తెల్లవారుజామున చెప్పకుండా రావడమేనన్నది ఆ తరం గుండెల్లో ముద్ర పడిపోయింది. క్రెమ్లిన్‌లో కూర్చున్నది కూడా ఆ తరమే. 1981లో ఆంద్రొపోవ్ అధీనంలోని గూఢచారి సంస్థ కేజీబీ, అమెరికా అకస్మాత్తుగా అణుదాడికి సిద్ధమవుతోందేమో కనిపెట్టమని విదేశాల్లోని తన మనుషులను పురమాయించింది. లండన్‌లో రక్షణ శాఖ కార్యాలయం కిటికీల్లో రాత్రివేళ దీపాలెన్ని వెలుగుతున్నాయి, రక్తదాన శిబిరాలు పెరిగాయా అన్నవి కూడా లెక్కపెట్టమన్నారు. ఈ సంగతులు తరువాత బయటపడి పత్రికల్లో వచ్చినప్పుడు అందరూ నవ్వుకున్నారు. నాకు ఉప్పు పొట్లాలు గుర్తొచ్చి నవ్వు రాలేదు.

ఇక నిరోధం సిద్ధాంతం ఏమిటంటే, నువ్వు ముందు కొట్టినా నేను చావబోతూ నిన్ను చంపగలను, అది నీకు తెలుసు, నీకు తెలుసని నాకూ తెలుసు అన్నదే. 1960లలో అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా దీన్ని అంకెల్లో పెట్టాడు. ఎదుటి దేశ జనాభాలో పావు వంతుకు అటూ ఇటూ, పరిశ్రమల్లో సగానికి తగ్గకుండా నాశనం చేయగల శక్తి దాడి తరువాత కూడా మిగిలి ఉంటే చాలునన్నాడు. ఇందులోంచి పుట్టిన విడ్డూరం 1972 మే నెలలో మాస్కోలోనే సంతకమైంది. క్షిపణులను అడ్డుకునే రక్షణ వ్యవస్థలను పరిమితం చేసుకుందామని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. ఇంటికి గట్టి తలుపు పెట్టుకోవడమే పొరుగువాడి మీదకు కయ్యానికి కాలు దువ్వడం అవుతుందన్నమాట. అమెరికన్లు తమకు మిగిలిన ఒక్క రక్షణ కేంద్రాన్నీ నార్త్ డకోటాలో 1975లో పూర్తిచేసి, కొద్ది నెలల్లోనే మూసేశారు. రష్యన్లు మాత్రం మాస్కోనే ఎంచుకుని, నగరం చుట్టూ 64 నిరోధక క్షిపణులను నిలిపారు. వచ్చే క్షిపణిని పేల్చడానికి పైకి వెళ్ళే ఆ క్షిపణుల తలల్లోనూ అణ్వాయుధాలే ఉండేవి. అంటే మమ్మల్ని కాపాడినా మా నెత్తిన అణు విస్ఫోటనం తప్పదు. ఈ సంగతి మా సహాధ్యాయికి చెబితే ‘అందుకే గొడుగు కొనుక్కోమన్నాను’ అన్నాడు.

1983 మార్చి 23న అమెరికా అధ్యక్షుడు రీగన్ అంతరిక్షంలో రక్షణ కవచం కడతానని ప్రకటించినప్పుడు మాస్కో ఎందుకంత కంగారుపడిందో ఈ లెక్కన చూస్తేనే తెలుస్తుంది. కవచం ఉన్నవాడు ముందు కొట్టి, బతికి బయటపడవచ్చు. అప్పటికే మరోవైపు నిమిషాల తగాదా ముదురుతోంది. అమెరికా నేల మీది నుంచి బయలుదేరే ఖండాంతర క్షిపణికి దాదాపు 30 నిమిషాలు పడుతుంది. సముద్రంలోని జలాంతర్గామి నుంచి వచ్చేదానికి అందులో సగం, ఒక్కోసారి ఇంకా తక్కువ. సోవియట్ సేనలు 1970ల చివర్లో మూడేసి వార్‌హెడ్‌లతో (క్షిపణి తలలో ఉండే అణుబాంబులతో), దాదాపు 5,000 కిలోమీటర్లు వెళ్ళగల ‘పయనీర్’ క్షిపణులను పశ్చిమ ఐరోపా మీదికి గురిపెట్టాయి. వాటినే అమెరికా, పశ్చిమ ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో వాళ్ళు ఎస్‌ఎస్-20 అన్నారు. దానికి జవాబుగా పశ్చిమ జర్మనీలో 108 పెర్షింగ్-2 క్షిపణులు పెడతామని నాటో 1979 డిసెంబరులో తీర్మానించింది. పెర్షింగ్ 1,800 కిలోమీటర్లు కూడా పోదు, మాస్కో దాకా రానే రాదు అని అమెరికన్లు అనేవారు. వస్తుందని, ఆరు నుంచి ఎనిమిది నిమిషాల్లో వస్తుందని రష్యన్లు నమ్మారు. రాత్రి 9 గంటల ‘వ్రేమ్య’ వార్తల్లో ఐరోపా పటం మీద పశ్చిమం నుంచి తూర్పుకు విల్లులా వంగిన ఎర్ర బాణాలు గీసి చూపించేవారు. ఈ పోటీని మొదలుపెట్టింది తమ పయనీర్లేనన్న సంగతి మాత్రం ఆ పటాల్లో ఎక్కడా ఉండేది కాదు.

ఆరు నిమిషాల్లో ఏం చేయవచ్చు? వచ్చింది క్షిపణా, పక్షా, రాడార్ పొరపాటా తేల్చాలి, ముసలి నాయకుడిని నిద్రలేపాలి, ఆయన తేల్చుకోవాలి. అప్పటికి ఆంద్రొపోవ్ మూత్రపిండాలు పాడై ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. యంత్రాలా, వాటిని నమ్మడానికి లేదు. 1979 నవంబరులో ఎవరో శిక్షణ కోసం చేసిన టేపు కంప్యూటర్‌లోకి ఎక్కి వేల క్షిపణులు వస్తున్నట్టు అమెరికా వాయురక్షణ కేంద్రాన్ని హడలెత్తించింది. 1980 జూన్‌లో 46 సెంట్ల విలువ చేసే ఒక చిప్పు చెడిపోయి అదే పని చేసింది. వాళ్ళకు ఇంతకంటే ఎక్కువ నిమిషాలు ఉన్నాయి కాబట్టి ఆగి సరిచూసుకోగలిగారు.

ఆ 1983 శరదృతువును నేను మరిచిపోలేను. సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వచ్చిన కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చారు. 269 మంది పోయారు. మాకు మొదట వినిపించిన వార్తలో ఆ విమానం జపాన్ సముద్రం వైపు వెళ్ళిపోయిందని మాత్రమే ఉంది. అదే నెల 26వ తేదీ అర్ధరాత్రి దాటాక, మాస్కోకు దక్షిణాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో సెర్పుఖోవ్-15 అనే రహస్య కేంద్రంలో, అమెరికా నుంచి ఒక క్షిపణి, ఆ వెనుక మరో నాలుగు బయలుదేరాయని ఉపగ్రహ వ్యవస్థ చెప్పింది. యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదు క్షిపణులతో మొదలుపెట్టడని, రాడార్లలో ఏమీ కనపడలేదని ఆలోచించి, లెఫ్టినెంట్ కల్నల్ స్తానిస్లావ్ పెట్రోవ్ అది తప్పుడు సంకేతమని పైకి తెలియజేశాడు. మేఘాల మీద ఎండ మెరిసి ఉపగ్రహాన్ని మోసం చేసింది. ఈ సంగతి 1990లలో గాని లోకానికి తెలియలేదు. ఆ రాత్రి నేను బహుశా మరునాటి పాఠానికి రష్యన్ క్రియాపదాలు బట్టీ పట్టి నిద్రపోయి ఉంటాను. నవంబరు మొదట్లో నాటో ‘ఏబుల్ ఆర్చర్’ అనే విన్యాసం చేసింది. అణ్వాయుధాలు ప్రయోగించే ఆదేశాలు ఎలా నడవాలో సాధన చేయడం దాని ఉద్దేశం. దాన్ని మాస్కో నిజం దాడిగా ఎంతవరకు అనుమానించిందన్న దానిపై చరిత్రకారుల్లో ఇప్పటికీ వాదోపవాదాలున్నాయి. ఆ నెల 22న పశ్చిమ జర్మనీ పార్లమెంటు పెర్షింగ్‌లకు ఒప్పుకుంది. మరునాడే సోవియట్ ప్రతినిధులు ఈ క్షిపణుల మీద జెనీవాలో జరుగుతున్న చర్చల నుంచి లేచి వచ్చేశారు.

‘అక్కడ పరిస్థితులు బాగా లేవంటున్నారు, తిరిగి వచ్చేయకూడదా’ అంటూ నాన్నగారు రాసిన ఉత్తరం నాకు డిసెంబరు నడుమ అందింది. ఉత్తరానికి మూడు వారాలు పట్టేది. అప్పటికి పెర్షింగ్‌లు వచ్చి కూర్చున్నాయి కూడా. పరీక్షలు దగ్గరపడ్డాయని, ఇక్కడ అంతా మామూలుగానే ఉందని బదులు రాశాను. అది అబద్ధం కాదు. ట్రాలీబస్సులు నడిచేవి, నారింజపళ్ళు వచ్చాయంటే జనం బారులు తీరేవారు, మిద్దెల మీద ‘ప్రపంచానికి శాంతి’ అన్న నియాన్ అక్షరాలు రాత్రంతా వెలిగేవి.

మా రష్యన్ సహాధ్యాయులకు వారానికి ఒక రోజు సైనిక శిక్షణ ఉండేది. విదేశీయులమైన మాకు ఆ గోల లేదు. ఒకరోజు మావాడు అక్కడ నేర్పింది హాస్టల్ నడవాలో చేసి చూపించాడు. ‘ఎడమ వైపు మెరుపు!’ అని తనే అరిచి, ఆ మెరుపు ఊహించిన దిక్కుకు కాళ్ళు పెట్టి దబ్బున బోర్లా పడి, చేతులు ఛాతీ కింద దాచుకుని, మొహం నేలకు ఆనించి కదలకుండా ఉండిపోయాడు. మేమంతా గొల్లున నవ్వాం. లేచి చొక్కా దులుపుకుని, ఆ రోజుల్లో అందరికీ తెలిసిన హాస్యకథ ఒకటి చెప్పాడు. అణుబాంబు పడితే ఏం చేయాలి? తెల్ల దుప్పటి కప్పుకుని మెల్లగా శ్మశానం వైపు పాకాలి. మెల్లగా ఎందుకు? జనం కంగారు పడకుండా. మా మెట్రో స్టేషన్ ప్రవేశంలో నేల మీద అడ్డంగా మందపాటి లోహపు పట్టీ ఒకటి ఉండేది. రోజూ దాన్ని దాటి వెళ్ళేవాళ్ళం. దాడి జరిగితే అక్కడ భారీ తలుపు మూసుకుని స్టేషన్ ఆశ్రయంగా మారుతుందని వాడే చెప్పాడు. ఆరు నిమిషాల్లో ఎంతమంది లోపలికి చేరగలరని అడిగితే, ముందు టిక్కెట్టుకు ఐదు కోపెక్కుల నాణెం వెతుక్కోవాలి కదా అన్నాడు.

హాస్యం ఒక పక్షానిదే కాదు. 1984 ఆగస్టులో రీగన్ రేడియో ప్రసంగానికి ముందు మైకు సరిచూస్తూ, రష్యాను శాశ్వతంగా నిషేధించే చట్టం మీద సంతకం చేశానని, మరో ఐదు నిమిషాల్లో బాంబులు వేయడం మొదలవుతుందని సరదాకి అన్నాడు. ఆ మాట బయటికి పొక్కింది, సోవియట్ వార్తాసంస్థ టాస్ దుమ్మెత్తిపోసింది. మా సహాధ్యాయి అమ్మమ్మగారికి మాత్రం ఆ హాస్యం ససేమిరా ఎక్కలేదు. ఆ వారం అలమరలో ఉప్పు పొట్లాలు పెరిగాయి.

నిమిషాలు కరిగిపోతుంటే సోవియట్ ఇంజినీర్లు కనిపెట్టిన మందు ఏమిటో మాకు చాలా ఏళ్ళ తరువాత గాని తెలియలేదు. 1985 జనవరిలో ‘పెరిమీటర్’ అనే వ్యవస్థ పనిలోకి వచ్చింది. నాయకులందరూ చనిపోయినా, లోతైన నేలమాళిగలో మిగిలిన కొద్దిమంది అధికారులు ఒక ఆదేశ క్షిపణిని వదిలితే, అది దేశం మీదుగా ఎగురుతూ మిగతా క్షిపణులన్నిటికీ సంకేతాలు ఇస్తుంది. చచ్చినవాడి చెయ్యి అని పశ్చిమ దేశాల వాళ్ళు దానికి పేరు పెట్టి భయపెట్టారు. నేను దాన్ని ఇంకోలా చూస్తాను. ప్రతీకారం ఎలాగూ తప్పదని తెలిసిన నాయకుడు, సందేహంగా ఉన్న సంకేతాన్ని చూసి వెంటనే మీట నొక్కవలసిన అవసరం లేదు, కాస్త ఆగవచ్చు. అంత భయంకరమైన యంత్రం చేసిపెట్టిన మేలు అదొక్కటే. అయితే అవతలివాడికి చెప్పకుండా దాచిపెట్టిన ఆయుధం ఎవరిని నిరోధిస్తుందన్న ప్రశ్నకు మాత్రం నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు.

ఆ తరువాతివి అందరికీ తెలిసినవే కాబట్టి త్వరగా చెబుతాను. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం పేలింది. రెండు రోజుల తరువాత ‘వ్రేమ్య’లో కొద్ది వాక్యాలు చదివారు. ఒకే ఒక్క రియాక్టర్ ఇంత పని చేస్తే వేల వార్‌హెడ్‌ల మాటేమిటని మా ప్రొఫెసర్లు తొలిసారిగా బాహాటంగా మాట్లాడడం విన్నాను. అక్టోబరులో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో రీగన్, గోర్బచేవ్‌లు అణ్వాయుధాలన్నిటినీ రద్దు చేసుకునే దాకా వెళ్ళి, అంతరిక్ష కవచం పరీక్షలు ప్రయోగశాల దాటకూడదన్న షరతు దగ్గర విడిపోయారు. 1987 మే 28న మథియాస్ రుస్ట్ అనే 18 ఏళ్ళ జర్మన్ కుర్రవాడు హెల్సింకి నుంచి చిన్న సెస్నా విమానంలో గంటల తరబడి ఎగిరివచ్చి ఎర్రమైదానం పక్కన దిగాడు. అది కూడా సరిహద్దు రక్షకుల దినోత్సవం నాడు! ఆరు నిమిషాల ముప్పును కనిపెట్టడానికి కోట్లు పోసిన వ్యవస్థ సాయంత్రం దాకా ఎగిరిన గాలిపటంలాంటి దాన్ని ఆపలేకపోయింది. రక్షణ మంత్రి పదవి ఊడింది, ఎర్రమైదానానికి షెరెమెత్యెవో-3 విమానాశ్రయమని మారుపేరు వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 8న పయనీర్లనూ పెర్షింగ్‌లనూ రద్దుచేసే మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం వాషింగ్టన్‌లో సంతకమైంది. హాస్టల్ టీవీ గదిలో కుర్చీలు చాలక కిటికీ గట్ల మీద కూర్చుని చూశాం.

ఆ ఒప్పందం కింద 1991 నాటికి అమెరికా 846, సోవియట్ యూనియన్ 1,846 క్షిపణులను ధ్వంసం చేశాయి. పయనీర్ తయారైన వోట్కిన్స్క్ కర్మాగారం గేటు దగ్గర అమెరికన్ తనిఖీదారులు ఏళ్ళ తరబడి కాపలా కాశారు. అది చైకోవ్‌స్కీ పుట్టిన ఊరు. ఏళ్ళ తరువాత మా అబ్బాయి దగ్గరకు అమెరికా వెళ్ళినప్పుడు వాషింగ్టన్‌లోని విమాన, అంతరిక్ష మ్యూజియంలో ఒక పయనీర్, ఒక పెర్షింగ్ పక్కపక్కనే నిలబెట్టి ఉండడం చూశాను. పెర్షింగ్ నేను ఊహించిన దానికంటే చాలా పొట్టిది, పయనీర్ పక్కన చిన్నబోయి ఉంది. పిల్లలు వాటి ముందు ఫొటోలు దిగుతున్నారు. మాస్కో మీద పడవలసింది ఇదేనని మనవడికి చెబితే, పడలేదుగా అన్నాడు.

పడలేదు కాబట్టి నిరోధం పనిచేసిందని కొందరంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. ఇద్దరినీ కయ్యానికి దిగకుండా ఆపింది ఆ భయమే కావచ్చు. ఆ భయమే గడియారాన్ని ఆరు నిమిషాలకు కుదించింది కూడా. ఆ ఆరు నిమిషాల్లో మనల్ని బతికించినవి మాత్రం సిద్ధాంతంలో లేని సంగతులు, నిబంధన ప్రకారం ఏం చేయాలో తెలిసీ తన బుద్ధిని నమ్మిన ఒక అధికారి లాంటివి. 1987 ఒప్పందం విలువ నా దృష్టిలో నాశనమైన క్షిపణుల సంఖ్యలో కన్నా, అది ఇరుపక్షాలకూ తిరిగి ఇచ్చిన ఆ కొద్ది నిమిషాల్లో ఉంది.

ఆ ఒప్పందం 2019 ఆగస్టులో రద్దయింది. జర్మనీలో మళ్ళీ దూరశ్రేణి క్షిపణులు పెడతామని 2024 జులైలో అమెరికా, జర్మనీలు ప్రకటించాయి; అవి తమ లక్ష్యాలను చేరడానికి సుమారు పది నిమిషాలు పడుతుందని అదే నెలలో పుతిన్ అన్నాడు. మా పాత సహాధ్యాయి ఇప్పుడు పింఛనుదారు, రెండు నెలలకొకసారి ఫోన్‌లో పలకరించుకుంటాం. ఆ వార్త చూశావా అని అడిగాను. ‘పది నిమిషాలా? మన కాలం కంటే నాలుగు ఎక్కువే ఇస్తున్నారు’ అన్నాడు. ఆ తరువాత వాడి మోకాళ్ళ నొప్పుల గురించీ, నా మోకాళ్ళ నొప్పుల గురించీ చాలాసేపు మాట్లాడుకున్నాం.